మూడు పచ్చ లైట్లు: చక్రాలు దించకుండా నేల దిగడం ఎలా జరుగుతుంది

నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకు వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

పొట్ట మీద దిగిన చిన్న విమానాన్ని రన్‌వే మీంచి తీయాలంటే రెక్కల కింద గాలి సంచులు పెట్టి ఉబ్బిస్తారు. లేదంటే బెల్టులు చుట్టి క్రేన్‌తో లేపుతారు. పొట్ట నేల వదిలి చక్రాలకు చాలినంత ఎత్తు వచ్చాక ఒక మెకానిక్ లోపలికి ఎక్కి, మాస్టర్ స్విచ్ వేసి, గేర్ లివర్, అంటే చక్రాల్ని దించే మీట, కిందికి నొక్కుతాడు. మోటారు గుయ్‌మంటుంది. మూడు చక్రాలూ దిగి లాక్ అవుతాయి, ప్యానెల్ మీద మూడు పచ్చ లైట్లు వెలుగుతాయి. తర్వాత ఆ విమానాన్ని దాని చక్రాల మీదే షెడ్డుకు లాక్కెళ్తారు. పక్కన నిలబడి ఇదంతా చూస్తున్న పైలట్ ముఖం ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

ఈ రోజు నా విషయం ఇదే. గేర్ బాగానే ఉంది, దిగమంటే దిగేది, దిగమని ఎవరూ చెప్పలేదు. గేర్ చెడిపోయి దిగకపోవడం వేరే సంగతి, దాని గురించి చివర్లో కాసేపు మాట్లాడతాను.

పైలట్లలో ఒక పాత మాట ఉంది. చక్రాలు ముడిచే విమానం నడిపేవాళ్లు రెండే రకాలట: ఇప్పటికే పొట్ట మీద దిగినవాళ్లు, ఇక దిగబోయేవాళ్లు. అందరూ నవ్వుతారు. నాకు మాత్రం ఈ మాట నచ్చదు. తలరాత అనుకున్న పనికి ఎవడూ జాగ్రత్త పడడు. దీని వెనక ఉన్నవి తలరాతలు కావు, నాలుగైదు మామూలు కారణాలు. ఒక్కొక్కటీ విప్పి చూడొచ్చు.

ముందు లెక్కల సంగతి. ఏటా ఇలాంటివి ఎన్ని జరుగుతాయని అడిగితే ఎవరూ సరైన అంకె చెప్పలేరు. ఎందుకో నిబంధనల్లోనే ఉంది. అమెరికాలో 49 సీఎఫ్ఆర్ 830.2 అనే నిబంధన 'భారీ నష్టం' అంటే ఏమిటో చెబుతుంది. నేల తగిలి ప్రొపెల్లర్ బ్లేడ్లు వంగినా, రేకు సొట్టపడినా, ఫెయిరింగ్‌లు (పైన వేసే తొడుగులు) వంగినా, ల్యాండింగ్ గేర్, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి వాలే పలకలు) దెబ్బతిన్నా అవి ఆ నిర్వచనం కిందికి రావు. మనుషులకు గాయాలు లేకపోతే, ఇంకే పెద్ద విరుపూ లేకపోతే అది 'ప్రమాదం' జాబితాకు ఎక్కదు. అంటే రికార్డుల్లో కనిపించేది కొంతే. మిగతాది ఇన్సూరెన్స్ కంపెనీల ఫైళ్లలోనూ రిపేరు షెడ్లలోనూ ఉంటుంది.

యంత్రం సంగతి త్వరగా చూసేద్దాం, ఎందుకంటే తప్పు ఎక్కడ దూరుతుందో తెలియాలంటే ఇది కొంచెమైనా తెలియాలి. బీచ్‌క్రాఫ్ట్ బొనాంజాలో ఒక ఎలక్ట్రిక్ మోటారు, గేర్‌బాక్స్, కడ్డీల ద్వారా మూడు చక్రాలనీ తిప్పుతుంది. పైపర్ యారోలో ఎలక్ట్రిక్ మోటారుతో నడిచే హైడ్రాలిక్ పంపు ఉంటుంది. దాంట్లో చక్రాల్ని పైన పట్టి ఉంచేది కొక్కెం కాదు, ఆయిల్ ప్రెషరే. ప్రెషర్ వదిలేస్తే చక్రాలు తమ బరువుతో కిందికి పడతాయి. సెస్నా 172ఆర్‌జీ, 182ఆర్‌జీ లాంటి వాటిలోనూ ఎలక్ట్రో హైడ్రాలిక్ పవర్ ప్యాకే, కాకపోతే వెనక కాళ్లు మెలికలు తిరిగి పొట్టలోకి ముడుచుకుంటాయి. పాత మూనీల్లో మోటారూ లేదు, ఆయిలూ లేదు. సీట్ల మధ్య పొడవాటి జాన్సన్ బార్ ఉంటుంది, చేత్తో లాగి దించడమే. దించాక అది ప్యానెల్ దగ్గర గూట్లో బిగుసుకుంటుంది. పట్టుకుని ఒకసారి లాగి చూస్తే చేతికే తెలుస్తుంది. నన్నడిగితే ఇప్పటిదాకా వచ్చిన గేర్ సూచికల్లో నిజాయితీగలది అదే.

మిగతావాటిలో మనకు చెప్పేది లైట్లు. యారోలో మూడు పచ్చ లైట్లు, చక్రానికొకటి. 172ఆర్‌జీలో ఒకే పచ్చ లైటు, పైకి లాక్ అయితే ఒక పసుపు లైటు. ఇక్కడ ఒక చిన్న ఉచ్చు ఉంది, యారో నడిపేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. ప్యానెల్ లైట్ల స్విచ్ వేసి ఉంటే రాత్రి కళ్లు చెదరకుండా గేర్ లైట్లు మసకబారతాయి. పట్టపగలు ఎండలో ఎవరో ఆ స్విచ్ వేసి వదిలేస్తే చక్రాలు దిగినా లైట్లు వెలగనట్టే కనిపిస్తాయి. పైలట్ కంగారుపడి టవర్ చుట్టూ తిరుగుతూ మాన్యువల్ తీస్తాడు. లైటు రాకపోతే మొదట చూడాల్సింది ఆ స్విచ్. రెండోది బల్బు: పక్క బల్బు తీసి దీంట్లో పెట్టి చూడండి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. పైలట్ గేర్ ఎందుకు మరిచిపోతాడు?

మరిచిపోవడం అనే మాట ఇక్కడ పూర్తిగా అతకదు. చాలామంది గేర్ గురించి మరిచిపోరు, గేర్ వేసేశామనుకుంటారు. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. మరిచిపోయానేమో అన్న అనుమానం ఉన్నవాడు లైటు వంక చూస్తాడు. వేశానన్న నమ్మకం ఉన్నవాడు చూడడు, చూసినా లైటు అతని కంట పడదు. ఇంటి తాళం వేశానా లేదా అని వీధి మొదట్లో ఆగి వెనక్కి చూసేవాళ్లం మనం. వందసార్లు వేసిన తాళం కాబట్టి ఇవాళ్టిదీ నిన్నటిదీ కలిసిపోతాయి. గేర్ కూడా అంతే. డౌన్‌విండ్ అంటే దిగే ముందు రన్‌వే పక్కనే, దిగే దిశకు ఎదురు దిక్కులో పోయే దశ; రెండు వందల సార్లు అక్కడ దించినవాడి జ్ఞాపకంలో ఇవాళ్టి డౌన్‌విండ్ ప్రత్యేకంగా ఉండదు.

నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రంలో కీ డిస్ముకీస్ అనే ఆయన ఇలాంటి మరుపుల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. వాయిదా వేసిన పనిని గుర్తుపెట్టుకోవడం మనిషి మెదడుకు కష్టం, నిపుణులకు కూడా. 'కాసేపటికి చేస్తా' అనుకున్న పనికి గుర్తుచేసే ఆనవాలు ఎదురుగా లేకపోతే అది జారిపోతుంది. గేర్ దించే ఆనవాలు ఏమిటి? రన్‌వే మొదలు రెక్క పక్కకు రావడం. ఆ క్షణం దాటిపోతే మళ్లీ గుర్తుచేసేది ఏదీ ఉండదు, ఒక్క హెచ్చరిక హారన్ తప్ప. హారన్ సంగతి తర్వాత.

ఆ క్షణం ఎలా దాటిపోతుందో చూడండి. డౌన్‌విండ్‌లో ఉన్నారు, చెయ్యి లివర్ మీదికి పోతోంది, టవర్ నుంచి మాట: ముందు ఒక విమానం ఉంది, డౌన్‌విండ్ పొడిగించండి, కనిపిస్తోందా అని. మీరు కిటికీలోంచి వెతుకుతారు. చెయ్యి వెనక్కి వస్తుంది. విమానం కనిపించింది, జవాబు చెప్పారు, బేస్‌లోకి, అంటే రన్‌వేకి అడ్డంగా పోయే దశలోకి, తిరిగారు. లివర్ పైనే ఉంది.

లేదా వేగం ఎక్కువగా ఉంది. 172ఆర్‌జీలో గేర్ ఆడించడానికి గరిష్ఠ వేగం 140 నాట్లు, యారో 3లో దించడానికి 129. ఆ వేగం దాటి వస్తున్నారు, 'తగ్గాక దించుతా' అనుకున్నారు. వేగం తగ్గించే పనిలో పడ్డారు, అది తగ్గింది, తగ్గించడానికి కారణం ఏమిటన్నది మాత్రం జారిపోయింది.

ఇంజిన్ ఫెయిల్ సాధన ఇంకో పెద్ద కారణం. శిక్షకుడు థ్రాటిల్ (ఇంజిన్ పవర్ మీట) మూసి 'ఇంజిన్ పోయింది' అంటాడు. గ్లైడ్ దూరం పోకుండా గేర్ చివరిదాకా దించవద్దని నేర్పుతాం, అది సరైన పాఠమే. కానీ ఆ చివర ఎక్కడుందో ముందే ఒక ఎత్తు చెప్పుకుని ఉండకపోతే అది రన్‌వే మీదే వస్తుంది. హారన్ అప్పటికి రెండు నిమిషాలుగా మోగుతూనే ఉంది, ఇద్దరూ అలవాటుపడిపోయారు. పైగా కాక్‌పిట్‌లో ఇద్దరు పైలట్లు ఉన్నప్పుడు ఒకరు చూశారులే అని రెండోవారు అనుకోవడం చాలా తేలిక.

గో అరౌండ్ మరొకటి. మొదటిసారి గేర్ దించారు, మూడు పచ్చలు చూశారు, ఏదో అడ్డం వచ్చి మళ్లీ పైకి పోయారు. పోతూ గేర్ ముడిచారు. రెండోసారి వచ్చేటప్పుడు మనసులో 'మూడు పచ్చలు చూశాను' అనే బొమ్మ తాజాగా ఉంటుంది. అది నిజమైన జ్ఞాపకమే, కాకపోతే పది నిమిషాల కిందటిది.

పెద్ద విమానాల్లో ఇద్దరు పైలట్లు, చెక్‌లిస్టులు ఉన్నా ఇది జరుగుతుంది. 1996 ఫిబ్రవరి 19న హ్యూస్టన్‌లో కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్ 1943 అనే డీసీ 9 విమానం పొట్ట మీద దిగింది. వాళ్లు లివర్ కిందికి వేశారు కూడా. కానీ అంతకు ముందు చెక్‌లిస్టులో హైడ్రాలిక్ పంపుల్ని 'హై'లో పెట్టాల్సిన ఒక అంశం జారిపోయింది. ప్రెషర్ చాలక ఫ్లాప్స్ రాలేదు, గేర్ రాలేదు. హారన్ మోగింది. ఫ్లాప్స్ రాలేదన్న గొడవలో ఉన్న వాళ్లకు ఆ హారన్ అర్థం వేరుగా తోచింది. ప్రాణనష్టం లేదు.

ఇక హారన్. పాత ధ్రువీకరణ నిబంధనల్లో, 14 సీఎఫ్ఆర్ 23.729లో, రెండు సందర్భాల్లో హెచ్చరిక మోగాలని ఉంది: గేర్ లాక్ కాకుండా థ్రాటిల్ మూసినప్పుడు, గేర్ లేకుండా ఫ్లాప్స్ ల్యాండింగ్ స్థాయికి దించినప్పుడు. థ్రాటిల్ స్విచ్ సాధారణంగా మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్ పవర్‌ను చూపే కొలత) 12 నుంచి 14 అంగుళాల దగ్గర పనిచేస్తుంది. ఇప్పుడు లెక్క వేయండి. పవర్ పెట్టుకుని, ఫ్లాప్స్ సగమే దించి, ఎదురుగాలిలో అప్రోచ్ చేస్తున్నారు. థ్రాటిల్ 15 అంగుళాల మీదే ఉంది. ఫైనల్, అంటే రన్‌వేకు ఎదురుగా వచ్చే చివరి దశ, మొత్తం హారన్ నోరు మెదపదు. రన్‌వే మీదికి వచ్చి థ్రాటిల్ మూసిన క్షణాన మోగుతుంది. అప్పుడే స్టాల్ హారన్, అంటే వేగం మరీ తగ్గి రెక్కలు మోయలేకపోతున్నాయని చెప్పేది, కూడా మోగుతుంది. చాలా విమానాల్లో ఆ రెండు శబ్దాలూ దగ్గరదగ్గరగా ఉంటాయి. ఫ్లేర్‌లో, అంటే తాకే ముందు ముక్కు కాస్త ఎత్తే క్షణంలో, మోత వినడం పైలట్‌కు రోజూ అలవాటే కాబట్టి, సాఫీగా దిగుతున్నామనుకుంటాడు.

హారన్ మోగినా వినపడని సందర్భాలు ఉన్నాయి. చెవులు బాగానే ఉంటాయి. ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో ఐఎస్ఏఈ అనే విమానయాన విద్యా సంస్థ పరిశోధకులు ఫ్లైట్ సిమ్యులేటర్‌లో, కష్టమైన గాలిలో ల్యాండింగ్ చేస్తున్న పైలట్లకు గేర్ అలారం వినిపించి చూశారు. కొందరు అసలు అలారం మోగలేదనే చెప్పారు. మెదడు కంటి పనిలో పూర్తిగా మునిగితే చెవి తలుపు మూసుకుంటుంది. ఇంటర్నెట్‌లో ఇలాంటి వీడియోలు చూసే ఉంటారు. ఫైనల్ అంతా హారన్ కేకలు పెడుతుంటుంది, లోపలివాళ్లు తాపీగా మాట్లాడుకుంటూ ఉంటారు, చివర్లో గరగర. చూసేవాళ్లకు నవ్వొస్తుంది, నమ్మబుద్ధి కాదు. లోపల ఉన్నవాళ్లకు మాత్రం ఆ శబ్దం నిజంగానే లేదు.

దానికి తోడు హారన్‌ను నోరు మూయించడం మనమే నేర్పుతాం. స్లో ఫ్లైట్, స్టాల్ సాధనలో హారన్ గోల చేస్తుంటే థ్రాటిల్ కాస్త ముందుకు తోసి ఆపుతాం, కొందరు సర్క్యూట్ బ్రేకర్ లాగేస్తారు కూడా. అంటే హారన్ మోగితే చెయ్యి థ్రాటిల్ మీదికి పోవాలని చేతికి నేర్పుతున్నాం. పోవాల్సింది గేర్ లివర్ మీదికి. ఇది చిన్న మార్పు, కానీ నా ఉద్దేశంలో శిక్షణలో అన్నిటికన్నా ముందు సరిదిద్దాల్సింది ఇదే. హారన్ ఎప్పుడు మోగినా, ఎందుకు మోగిందో తెలిసినా సరే, చెయ్యి గేర్ లివర్‌ను తాకాలి.

మనిషిని నమ్మలేమని యంత్రానికి అప్పగించే ప్రయత్నం కూడా జరిగింది. పైపర్ యారోలో ఒక పరికరం ఉండేది. వేగం, ప్రొపెల్లర్ గాలి ప్రెషర్ తగ్గగానే అదే గేర్‌ను దించేది. మంచి ఆలోచన. కానీ తక్కువ వేగంతో ఎక్కేటప్పుడు, గేర్ పైనే ఉండాల్సిన సమయంలో, దించుతుంది. గాలి గొట్టం మూసుకుపోతే దించుతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, అవసరమైనప్పుడు దాన్ని ఆపడానికి ఇంకో లివర్ పెట్టాల్సి వచ్చింది. చివరికి చాలామంది యజమానులు దాన్ని పీకించేశారు. పీకించిన విమానం నుంచి పీకించని విమానానికి మారే పైలట్లు తమది ఏదో ముందే తెలుసుకోవాలి.

దించడం మానడం ఒక తప్పు. దించిన గేర్‌ను నేల మీదే ముడిచేయడం ఇంకో తప్పు, దాని చరిత్ర ఇంకా ఆసక్తిగా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బీ 17 బాంబర్లు దిగాక రన్‌వే మీద ఉండగానే పైలట్లు ఫ్లాప్స్ బదులు గేర్ ముడిచేస్తున్నారు. ఆల్ఫోన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్ చూసి, పైలట్లలో లోపం వెతకలేదు. రెండు స్విచ్‌లూ ఒకేలా, పక్కపక్కనే ఉన్నాయని గమనించాడు. గేర్ స్విచ్‌కు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్ స్విచ్‌కు రెక్క ఆకారపు ముక్క తగిలించాడు. చీకట్లో తడిమినా తెలుస్తుంది. ఆ ఆలోచనే తర్వాత నిబంధన అయింది: 2017లో మార్చకముందు ఉన్న 14 సీఎఫ్ఆర్ 23.781 ప్రకారం గేర్ పిడి చక్రంలా, ఫ్లాప్ పిడి రెక్కలా ఉండాల్సి వచ్చేది.

ఆకారం కుదిరింది, చోటు కుదరలేదు. పాత బొనాంజా, బారన్‌లలో గేర్, ఫ్లాప్ స్విచ్‌లు మిగతా విమానాలకు తారుమారుగా అమరి ఉండేవి. ఎడమవైపు గేర్ ఉంటుందనుకున్న చేతికి అక్కడ ఫ్లాప్ దొరికేది, ఫ్లాప్ అనుకున్న చోట గేర్. 1980లో అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ ఈ అమరిక మీదే ఒక ప్రత్యేక నివేదిక వేసింది. ఈ ప్రమాదాలకు డిజైనే దారితీస్తోందని దాని పేరులోనే ఉంది.

అయ్యో, స్క్వాట్ స్విచ్ ఉంది కదా అంటారు. నిజమే, గేర్ కాలు మీద బరువు పడితే స్ట్రట్ (కాలిలోని కుదుపు తట్టుకునే గొట్టం) నొక్కుకుని ఆ స్విచ్ గేర్ ముడవకుండా ఆపుతుంది. కానీ తాకిన వెంటనే, ఇంకా వేగంగా పోతున్నప్పుడు, రెక్కలు విమానం బరువు చాలా భాగం మోస్తూనే ఉంటాయి. స్ట్రట్ పూర్తిగా కుంగదు. గతుకు తగిలి ఒక్క క్షణం లేచినా చాలు. అందుకే రూలు సింపుల్: రన్‌వే మీద పరుగెడుతుండగా ఏ లివరూ ముట్టవద్దు. పక్కకు తప్పుకుని, ఆగి, ఫ్లాప్ అని పైకి చెప్పి, కళ్లతో చూసి, అప్పుడు. గేర్ ముడిచే విమానాల్లో టచ్ అండ్ గో (తాకి ఆగకుండా మళ్లీ ఎగరడం) చేయడమంటే ఈ నియమాన్ని కావాలని పక్కన పెట్టడమే. చాలా శిక్షణ సంస్థలు అది ఒప్పుకోవు, ఆపి వెనక్కి టాక్సీ చేయమంటాయి.

సరే, ఏం చేయాలి? నాలుగు ముక్కల్లో చెబుతాను కానీ ప్రతి ముక్కకూ కారణం చెబుతాను.

గేర్‌ను ఎత్తుకో సమయానికో కాదు, ఒక చోటుకు కట్టేయండి. సాధారణ చుట్టులో అయితే డౌన్‌విండ్‌లో రన్‌వే మొదలు రెక్క పక్కకు వచ్చే చోట. పరికరాలు చూసి దిగే అప్రోచ్‌లో గ్లైడ్ స్లోప్ (రన్‌వే దాకా దారి చూపే రేడియో వాలు) పట్టుకునే చోట. అక్కడ చాలా సింగిల్ ఇంజిన్ విమానాల్లో పవర్ మార్చకుండా గేర్ దించితే చాలు, విమానం దానంతట అదే నిమిషానికి సుమారు 500 అడుగుల చొప్పున దిగడం మొదలుపెడుతుంది. గేర్ దిగకపోతే దిగదు. అంటే దిగడానికే గేర్ కావాలి. ఇంత మంచి గుర్తు ఇంకోటి లేదు.

లివర్ కిందికి వేశాక చెయ్యి తీయవద్దు. గేర్ దిగడానికి విమానాన్ని బట్టి 5 నుంచి 10 సెకన్లు పడుతుంది. చెయ్యి తీశారో ఆ పని అయిపోయిందని మెదడు చిట్టా రాసేస్తుంది, లైటు చూడకుండానే. పచ్చ లైటు వచ్చేదాకా వేలు లివర్ మీద ఉండాలి. లైటు వచ్చాక వేలితో చూపించి పైకి చెప్పాలి. ఒక్కరే ఉన్నా పైకే. జపాన్ రైల్వే డ్రైవర్లు సిగ్నల్ వైపు వేలు చూపించి గట్టిగా పలుకుతారు, చూసేవాళ్లకు నాటకంలా ఉంటుంది. కన్ను, చెయ్యి, నోరు, చెవి నాలుగూ ఒకే చోట కలిస్తే తప్పు దూరడం కష్టం. నోటితో మాత్రమే 'మూడు పచ్చలు' అంటే అది మంత్రం అయిపోతుంది, లైట్లు లేకపోయినా నోరు అంటుంది.

బేస్‌లో ఒకసారి, ఫైనల్లో 500 అడుగుల దగ్గర మళ్లీ ఒకసారి చూడండి. గంప్స్ అని ఇంగ్లిష్ మొదటి అక్షరాలతో నేర్పే వరస మీకు తెలిసిందే: ఇంధనం, చక్రాలు, మిక్స్చర్ (ఇంధనం, గాలి కలిపే మీట), ప్రొపెల్లర్, చివర స్విచ్‌లు, సీటు బెల్టులు. ఫిక్స్‌డ్ గేర్ విమానంలో కూడా దాన్ని అనండి అని కొందరు చెబుతారు. నాకు దాంట్లో ఒక చిక్కు కనిపిస్తుంది. చూడ్డానికేమీ లేని చోట వందసార్లు 'గేర్ ఉంది' అన్నవాడికి చూడకుండా అనడం అలవాటవుతుంది. అనాలంటే కిటికీలోంచి చక్రం వైపు వేలు చూపించి అనండి.

మధ్యలో ఎవరైనా మాట్లాడితే, టవర్ పిలిస్తే, వెనక సీట్లోవాళ్లు ఏదో అడిగితే, వరస ఎక్కడ ఆగిందో గుర్తుతెచ్చుకోవద్దు. మొదటినుంచి మొదలుపెట్టండి. గో అరౌండ్ తర్వాత పాత వరస మొత్తం చెరిపేసినట్టే లెక్క.

విమానం కూడా చెబుతుంది, వింటే. గేర్ దిగితే గాలి అడ్డం పెరిగి వేగం పడుతుంది, ముక్కు వైఖరి మారుతుంది, శబ్దం మారుతుంది. రోజూ పెట్టే పవర్ దగ్గర వేగం తగ్గకపోతే, గ్లైడ్ చదునుగా పోతే, ఫ్లేర్‌లో విమానం తేలిపోతూ దిగనంటే, ఏదో తేడా ఉంది. పై రెక్క సెస్నాల్లో కిటికీలోంచి చక్రం కనిపిస్తుంది, చూసే ఓపిక ఉండాలంతే. మూనీల్లో నేల మీద చిన్న గాజు గడి ఉంటుంది, గీతలు కలిస్తే గేర్ లాక్ అయినట్టు.

ఒక చిన్న పక్కమాట, నీటి మీదా నేల మీదా దిగే విమానాల గురించి. వాళ్ల కష్టం రెట్టింపు. గడ్డి మీద చక్రాలు లేకుండా దిగితే గీతలు పడతాయి. నీటి మీద చక్రాలతో దిగితే విమానం ముక్కు మీద పల్టీ కొడుతుంది, మనుషులు మునిగిపోతారు. అందుకే వాళ్లు 'ఇది నీటి ల్యాండింగ్, చక్రాలు పైకి' అని పూర్తి వాక్యంగా అంటారు. చాలా ఫ్లోట్లలో, అంటే అడుగున తేలే తొట్టెలున్న విమానాల్లో, చక్రాలు పైన ఉంటే నీలం లైటు, కింద ఉంటే పచ్చ. 'గేర్ దించారా' అన్న ఒక్క ప్రశ్న వాళ్లకు పనికిరాదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన క్షణం. మీరు దిగుతున్నారు, కింద టకటకమని లోహం తాకిన శబ్దం వచ్చింది. చెయ్యి థ్రాటిల్ మీదికి పోతుంది, పైకి ఎగిరిపోదామని. ఆపండి. ఆ శబ్దం ప్రొపెల్లర్ కొసలది. కొసలు వంగిన ప్రొపెల్లర్ సరిగా లాగదు, సమతూకం పోయి ఇంజిన్‌ను దాని మౌంట్ల మీద ఊపేస్తుంది, బ్లేడు ముక్క విరిగిపోతే ఇంకా ఘోరం. పొట్ట మీద జారడం విమానాన్ని పాడుచేస్తుంది, లోపలివాళ్లు సాధారణంగా నడుచుకుంటూ బయటికి వస్తారు. తాకాక ఎగిరితే ఏమవుతుందో పెద్ద విమానంలో 2020 మే 22న కరాచీలో చూశాం. పాకిస్తాన్ ఇంటర్నేషనల్ ఎయిర్‌లైన్స్ ఎ320 చక్రాలు లేకుండా రన్‌వే తాకింది, ఇంజిన్లు నేలకు రాసుకున్నాయి, మళ్లీ ఎగిరింది. కొద్ది నిమిషాల్లో రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. విమానంలో ఉన్న 99 మందిలో 97 మంది చనిపోయారు. తాకితే అక్కడే ఉండండి. మిక్స్చర్ కట్, ఇంధనం ఆఫ్, మాస్టర్ ఆఫ్, ఆగగానే బయటికి.

తర్వాత మెకానిక్ పని. ప్రొపెల్లర్ నేలకు తగిలితే లోపల క్రాంక్‌షాఫ్ట్‌కు ఒక్కసారిగా దెబ్బ తగులుతుంది. లైకమింగ్ ఇంజిన్లకు అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఇచ్చిన తప్పనిసరి ఆదేశం, ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్ 2004-10-14 ఉంది. ప్రొపెల్లర్ తగిలాక క్రాంక్‌షాఫ్ట్ వెనక చివర గేర్, దాన్ని పట్టుకునే బోల్టు, డోవెల్ పిన్ చూడాలంటుంది, ఎందుకంటే అది వదులైతే ఇంజిన్ మధ్యలో ఆగిపోతుంది. కాంటినెంటల్ ఇంజిన్లకు కూడా సర్వీస్ బులెటిన్ ఉంది. ఇంజిన్ విప్పి క్రాంక్‌షాఫ్ట్‌ను అయస్కాంత పరీక్ష చేయాలి, ఫ్లాంజ్ దగ్గర వంపు డయల్ ఇండికేటర్‌తో కొలవాలి. ఇంజిన్ ఆపి ఉన్నా తగిలితే తగిలినట్టే. బయట చూస్తే చిన్నదిగా ఉంటుంది: పొట్ట రేకులు, యాంటెన్నాలు, అడుగు మెట్టు, కౌలింగ్, తక్కువ రెక్క విమానమైతే ఫ్లాప్స్. కానీ ఇంజిన్ విప్పి బిగించడం, కొత్త ప్రొపెల్లర్ కలిపితే పాత విమానం బీమా విలువకు దగ్గరపడుతుంది. అందుకే చాలా పాత విమానాలు చిన్న గీతలతోనే స్క్రాప్‌కు పోతాయి.

గేర్ నిజంగా రాకపోతే? చుట్టులోంచి తప్పుకుని, ఎత్తు తీసుకుని, తీరిగ్గా. బ్రేకర్ చూడండి, బల్బులు చూడండి, వేగం తగ్గించండి. యారోలో ఎమర్జెన్సీ లివర్ నొక్కితే ప్రెషర్ వదిలి గేర్ కిందికి పడుతుంది, లాక్ కాకపోతే రడ్డర్‌తో అటూ ఇటూ కొట్టమని మాన్యువల్లోనే ఉంది. సెస్నాలో సీట్ల మధ్య చేతి పంపు, లైటు వచ్చేదాకా కొట్టడమే, ఆయిల్ కారిపోయి ఉంటే మాత్రం ఎంత కొట్టినా ఉపయోగం లేదు. బొనాంజాలో గేర్ మోటారు బ్రేకర్ లాగేసి, సీటు వెనక హ్యాండిల్‌ను గడియారానికి ఎదురు దిక్కులో దాదాపు 50 చుట్లు తిప్పాలి. తిప్పాక మళ్లీ మోటారు వాడవద్దు. ఏదీ పనిచేయకపోతే ఇంధనం తగ్గేదాకా తిరగండి, పొడవైన చదునైన రన్‌వే ఎంచుకోండి. అప్పటికి మీకు గేర్ లేదని తెలుసు, టవర్‌కు తెలుసు, ఫైర్ ఇంజిన్ ఎదురుచూస్తోంది. నిజానికి పొట్ట మీద దిగడంలో మంచి రకం ఇదే.

ప్రశ్నలుంటే అడగండి. అక్కడ, నీలం చొక్కా?

(టవర్‌లోవాళ్లు చూసి చెప్పరా అని అడిగారు.)

సైన్యపు టవర్లలో కంట్రోలర్లు 'చక్రాలు చూసుకోండి' అని చెప్పే నియమం అమెరికాలో ఉంది. మామూలు సివిల్ టవర్లకు ఆ నియమం లేదు. ఎవరైనా గమనించి చెబితే మంచిదే, చాలామంది అలా బతికి బయటపడ్డారు. దాన్ని నమ్ముకుని దిగవద్దు. ఆయన చూస్తున్నది మీ ముందున్న విమానాన్ని కావచ్చు.

(మాట్లాడే హెచ్చరిక పరికరాల గురించి ఒక ప్రశ్న.)

కొనుక్కోగలిగితే పెట్టించండి. నేల ఎత్తు కొలిచి 'గేర్ చూసుకోండి' అని చెవిలో మనిషి గొంతుతో చెబుతాయి. మోతకన్నా మాట బాగా పడుతుంది. ఒక్క షరతు, ప్రతి ల్యాండింగ్‌లోనూ అది మాట్లాడుతుంటే ఆరు నెలల్లో దాన్నీ వినడం మానేస్తాం. గేర్ లేనప్పుడు ఒక మాట, ఉన్నప్పుడు వేరే మాట చెప్పేది తీసుకోండి.

చివరి ప్రశ్న. అవును, చెప్పండి.

(గేర్ రాదని ముందే తెలిస్తే, ఫైనల్లో ఇంజిన్ ఆపి రెండు బ్లేడ్ల ప్రొపెల్లర్‌ను అడ్డంగా నిలబెట్టి ఇంజిన్ కాపాడుకోవచ్చు కదా అని అడిగారు.)

వీడియోల్లో చేస్తారు, చూశాను. రెండు బ్లేడ్లకు అది సాధ్యమే, మూడు బ్లేడ్లైతే ఎలా తిప్పినా ఒకటి కిందికే ఉంటుంది. కానీ దానికోసం పైన ఇంజిన్ ఆపాలి, వేగం బాగా తగ్గిస్తే తప్ప ప్రొపెల్లర్ ఆగదు, స్టార్టర్ ఒక్కో క్షణం నొక్కి అడ్డంగా తిప్పాలి. అంతసేపూ కన్ను రన్‌వే మీద ఉండదు. రన్‌వే అందకపోతే మళ్లీ పవర్ కూడా లేదు. రన్‌వే ఖాయమయ్యాక, ఫ్లేర్‌లోకి వచ్చాక మిక్స్చర్ లాగండి, అది చాలు. బెల్టులు బిగించుకోండి, తలుపు గడియ ముందే తీసి పెట్టండి, పొట్ట మీద తలుపు ఫ్రేము వంగితే ఇరుక్కుపోతుంది. ఇంజిన్ సంగతి తర్వాత మెకానిక్ చూసుకుంటాడు. ఇంకెవరైనా ఉన్నారా?